క్రీమ్ ముందురోజే కొట్టి పెట్టుకోండి అంటే సరిపోదండి

ఎడిటర్ గారికి నమస్కారం. మీ ఆదివారం వంటల పేజీ గురించి రాస్తున్నా. డిసెంబర్ వచ్చిందంటే క్రిస్మస్‌కి కేకులు, ట్రైఫిల్, ఫ్రూట్ పుడ్డింగ్ అన్నీ వేస్తారు, బాగుంటాయి కూడా, కానీ చివర్లో "క్రీమ్ గిలక్కొట్టి పైన వేయాలి, ముందురోజే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. ఏ క్రీమ్, అందులో కొవ్వు ఎంతుండాలి, తెల్లారేదాకా అది ఎలా నిలబడాలి, ఇవేవీ ఉండవు.

మాది గుంటూరు. 24 రాత్రి ఆరాధన అయిపోయి ఇంటికొచ్చేసరికి ఒంటిగంట దాటుద్ది, పొద్దున్నే మళ్ళీ చర్చి, అట్నుంచి రాగానే బిర్యానీ పని, ఇరవై మంది దాకా చుట్టాలు, ఇంక 25 నాడు బీటర్ పట్టుకునే టైమ్ ఆడవాళ్ళకి ఎక్కడుంటుంది చెప్పండి. అందుకే మీరు రాసింది నమ్మి పోయిన పండక్కి ముందురోజే మొదలుపెట్టా. ఫ్రెష్ క్రీమ్ మూడు ప్యాకెట్లు తెచ్చి అరగంట కొట్టినా పల్చగా మజ్జిగలాగే ఉంది. తర్వాత ప్యాకెట్ తిప్పి చూస్తే కొవ్వు 25 శాతం అని ఉంది, గిలక్కొడితే పొంగాలంటే కనీసం 30 ఉండాలి, 35 ఉంటే ఇంకా మంచిది. ఆ మాట మీ పేజీలో ఉండుంటే ఆ మూడు ప్యాకెట్లు దండగయ్యేవి కావు. సాయంత్రం మళ్ళీ పరుగెత్తి విప్పింగ్ క్రీమ్ తెచ్చి కొట్టా, చక్కగా పొంగింది, గిన్నెలో పెట్టి చర్చికి వెళ్ళాం, పొద్దున చూస్తే అడుగున నీళ్ళు, పైన కుంగిపోయిన నురగ. పిల్లలు ఆ పుడ్డింగ్ కోసం ఎంత ఎదురుచూశారో, నాకు నిజంగా ఏడుపొచ్చింది.

ఆ తర్వాత పట్టుబట్టి నేర్చుకున్నా. చల్లగా ఉన్నప్పుడు క్రీమ్‌లో కొవ్వు కొంచెం గట్టిపడి గాలి బుడగల చుట్టూ గోడలా అతుక్కుంటుంది, వెచ్చబడితే ఆ గోడ కరిగిపోతుంది, పాలల్లో ఉన్న నీరు నెమ్మదిగా కిందకి దిగుతుంది. మీగడ చిలికి వెన్న తీసినవాళ్ళకి ఇది కొత్తేం కాదు, క్రీమ్‌ని కూడా ఆగకుండా కొడుతూ పోతే చివరికి వెన్నే అవుతుంది. అందుకని బీటర్ పైకెత్తితే కొస కొంచెం వంగి నిలబడగానే ఆపెయ్యాలి. గిన్నె, బీటర్ పుల్లలు ముందే ఓ పావుగంట ఫ్రీజర్‌లో ఉండాలి, క్రీమ్ రాత్రంతా ఫ్రిజ్‌లో ఉండాలి.

నిలబెట్టడానికి నేను వాడేది జెలటిన్, అదే జెల్లీలు గట్టిపడటానికి వేసే పొడి. కప్పు క్రీమ్‌కి ఒక టీస్పూన్, దాన్ని నాలుగు టీస్పూన్ల చన్నీళ్ళల్లో ఐదు నిమిషాలు నాననిచ్చి, వేడినీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించి, గోరువెచ్చగా అయ్యాక క్రీమ్ చిక్కబడే టైమ్‌లో సన్నటి ధారగా పోస్తూ కొట్టాలి. వేడిగా పోస్తే క్రీమ్ కరుగుతుంది, బాగా చల్లారాక పోస్తే తీగలు తీగలుగా గడ్డకడుతుంది. జెలటిన్ జంతువుల నుంచి తీసేది కాబట్టి తినని చుట్టాలుంటే కప్పుకి రెండు టీస్పూన్ల వెన్న తీసిన పాలపొడి కలపొచ్చు, అంత గట్టిగా ఉండదు గానీ ఒక రాత్రికి పనికొస్తుంది. సముద్రపు నాచు నుంచి తీసే చైనా గ్రాస్ మాత్రం వద్దండి, చల్లటి క్రీమ్‌లో పడగానే ఉండలు కడుతుంది. ఏమీ కలపడం ఇష్టం లేనివాళ్ళు జల్లెడలో పల్చటి బట్ట పరిచి క్రీమ్ అందులో వేసి, కింద గిన్నె పెట్టి మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే దిగిన నీరు గిన్నెలోకి పోతుంది, పొద్దున చేత్తో నాలుగుసార్లు గిలక్కొడితే చాలు. ఎలా చేసినా మూత గట్టిగా ఉండాలి, ఫ్రిజ్‌లో చేపల పులుసుంటే ఆ వాసనంతా క్రీమే పీల్చుకుంటుంది. డోర్‌లో కాకుండా లోపలి అరలో పెట్టాలి, మర్నాటికల్లా వాడెయ్యాలి.

బేకరీ సామాన్ల షాపుల్లో గడ్డకట్టించి అమ్మే విప్ టాపింగ్ రెండు మూడు రోజులైనా కదలదు, నిజమే, కానీ వాటిల్లో చాలావరకు పాల క్రీమ్ కాదు, పామ్ కెర్నల్ నూనెతో చేసినవి. 2022 జనవరి నుంచి నూనెలు, కొవ్వుల్లో గుండెకి చెడు చేసే ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం దాటకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రూల్ పెట్టింది, అయినా తినేది పాలదా నూనెదా అని తెలుసుకుని కొనుక్కోవాలి కదా, మీ వంటల్లో మాత్రం రెండింటినీ క్రీమ్ అనే రాస్తున్నారు.

ఈసారి డిసెంబర్ మొదటి ఆదివారమే, పండక్కి ముందు ఒకసారి చేసి చూసుకునే టైమ్ ఉండగానే, కొవ్వు శాతం, కొలతలు, నిలవ చేసే పద్ధతి అన్నీ కలిపి వేయండి. చోటు చాలకపోతే ఫొటో చిన్నది చేసినా మేమేం అనుకోం.

- ఒక పాఠకురాలు, గుంటూరు