ఆపరేషన్‌కు లక్షలున్నాయి, సూదికి దారి లేదు: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారాలతో రాస్తున్నాను. పాడేరు ఏజెన్సీలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చాలా ఏళ్లు ఫార్మసిస్టుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. చికిత్స కోసం వచ్చినవాళ్లు డాక్టరు గారికి కనబడతారు. ఒకసారి చీటీ రాయించుకుని మళ్లీ రానివాళ్లెవరో మందులిచ్చే కిటికీ వెనక కూర్చున్నవాడికే తెలుస్తుంది. ఈ లేఖ ఆ రానివాళ్ల గురించి.

గుండె జబ్బు పట్నవాసపు జబ్బు అన్న మాటకు కాలం చెల్లి ఇరవై ఏళ్లు దాటింది. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, సుమారు 1.80 లక్షల జనాభాలో జరిగిన మరణాలకు కారణాలు ఆరా తీసినప్పుడు, దాదాపు మూడింట ఒక వంతు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనేనని తేలింది. అవి కాలవలు పారే, బస్సులు తిరిగే ఊళ్లు. డోలీ కట్టి మనిషిని మోసుకొచ్చే ఊళ్లకు వచ్చేసరికి జబ్బు అదే, దారి మాత్రం వేరు.

ముందు బీపీ సంగతి చెబుతాను. మా కేంద్రంలో బీపీ బిళ్ల ఉచితం. అయితే కొండ దిగి, ఆటో దొరికేదాకా నిలబడి, ఓపీలో వరస కట్టి తిరిగి ఇల్లు చేరేసరికి ఒక రోజు గడిచిపోతుంది. 2025-26లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఉచిత బిళ్ల అసలు ఖరీదు అది, ఆటో ఛార్జీ అదనం. పైగా బీపీకి నొప్పి ఉండదు కనుక, కాఫీ పళ్లు కోసే రోజుల్లో, ఒంట్లో ఏ బాధా తెలియని మనిషి కూలి వదులుకుని బిళ్లల కోసం రాడు. అలాంటివాళ్ల పేరు పక్కన మేము ‘డిఫాల్టర్’ అని రాసేవాళ్లం. నిల్వ తక్కువగా ఉన్నప్పుడు పదిహేను రోజుల మందే ఇచ్చి పంపింది మేమేనన్న సంగతి మాత్రం ఏ రిజిస్టరులోనూ ఉండదు. ఆ తప్పులో నా చేయీ ఉంది.

పొగాకు గురించి చేసే ప్రచారం కూడా ఇలాగే గురి తప్పుతోంది. ఉత్తరాంధ్ర పల్లెల్లో చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సిగరెట్టు పట్టుకున్న మగవాడి బొమ్మ వేసిన పోస్టరు తమ కోసమని వాళ్లెలా అనుకుంటారు?

నేను ముఖ్యంగా మీ దృష్టికి తేదలచుకున్నది మరొకటి ఉంది. ఇరుకు గదుల్లో పిల్లలు ఒకరి పక్కన ఒకరు పడుకునే చోట గొంతునొప్పి ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. దానికి సరైన మందు పడకపోతే కొందరిలో అది కీళ్ల వాపుగా, కీళ్ళవాతపు జ్వరంగా మారి చివరికి గుండె కవాటాలను పట్టుకుంటుంది. ఎక్కువగా అయిదు నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలకు వచ్చే ఈ జబ్బును పేదరికపు జబ్బు అనడం అతిశయోక్తి కాదు, ఎందుకంటే ఇళ్లు విశాలమై, గొంతునొప్పికి మందు అందిన దేశాల్లో అది దాదాపు కనుమరుగైంది. ఒకసారి ఈ జ్వరం వచ్చిన పిల్లకు అది మళ్లీ రాకుండా మూడు నాలుగు వారాలకొకసారి బెంజథీన్ పెన్సిలిన్ సూది ఏళ్ల తరబడి పడాలి. దాని ఖరీదు తక్కువే, కానీ నొప్పి ఎక్కువ. రియాక్షన్ వస్తుందన్న భయంతో ఆ సూది వేయడానికి వెనకాడే వైద్యులూ ఉన్నారు.

మా దగ్గరకు తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఈ సూది కోసం వచ్చేది. వేసవి సెలవులకు హాస్టల్ మూశారు, పిల్ల కొండ మీది ఊరికి వెళ్లిపోయింది, సూది ఆగింది. తర్వాత చదువు మానేసింది, పెళ్లయింది. నెలలు నిండుతున్నప్పుడు ఆయాసంతో డోలీలో వచ్చింది. ఆ ఆయాసాన్ని అత్తవారింట్లో పని ఎగవేతగా చూశారు. కడుపుతో ఉన్నవాళ్లకు అది మామూలేనని మా సిబ్బందిలోనూ ఒకరన్నారు. కవాటం బిగుసుకుపోయిందని విశాఖపట్నంలో బయటపడింది.

ఇలాంటివాళ్లకు కవాటం మార్చే ఆపరేషన్ ఖర్చును 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం భరిస్తుంది. అది చిన్న మేలు కాదు. అయితే లోహపు కవాటం పెట్టినవాళ్లు జీవితాంతం రక్తం గడ్డకట్టకుండా మందు వాడాలి, ఆ మోతాదు సరిచూడటానికి, రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతోందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష తరచూ చేయించుకోవాలి. ఆ పరీక్ష కోసం వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించాల్సి వస్తే, లక్షలు పోసి నిలబెట్టిన గుండెను బస్సు ఛార్జీ దగ్గర వదిలేసినట్టే.

గుండెపోటుకు రక్తపు గడ్డను కరిగించే ఖరీదైన సూదిని ప్రభుత్వాస్పత్రుల్లో ఉచితంగా ఇచ్చే ఏర్పాటు కూడా 2023 నుంచి ఉంది. నొప్పి మొదలైన తొలి గంటల్లో పడితేనే దాని ఫలితం. రోడ్లు మీ శాఖవి కావని తెలుసు. అయినా ఏ కొండ ఊరి నుంచి ఆస్పత్రికి ఎన్ని గంటలు పడుతుందో లెక్కగట్టి, రోడ్లు వేసే శాఖకు ఆ పట్టిక పంపగలిగింది మీ శాఖే.

నేను కోరేవి కొత్త భవనాలు కావు. ఏజెన్సీలో ప్రతి కుటుంబం నుంచీ ఎవరో ఒకరు పసుపు, పిప్పళ్లు, చీపుర్లు అమ్ముకోవడానికి, ఉప్పు, ఎండుచేపలు కొనుక్కోవడానికి వారపు సంతకు వస్తారు. బీపీ చూసి మందులిచ్చే బల్ల ఒకటి ఆ సంతలో వేయించండి. బీపీ అదుపులో ఉన్నవాళ్లకు మూడు నెలల మందు ఒకేసారి ఇచ్చేందుకు ఉత్తర్వులివ్వండి. పాడేరులోనే ఐఎన్‌ఆర్ పరీక్ష ఏ రోజైనా జరిగేలా చూడండి. ఆశ్రమ పాఠశాలల్లో గొంతునొప్పి, కీళ్ల వాపు ఉన్న పిల్లలను గుర్తించడానికి, రియాక్షన్ వస్తే ఇవ్వవలసిన మందు దగ్గర పెట్టుకుని ధైర్యంగా సూది వేయడానికి శిక్షణ పొందిన ఏఎన్ఎం ఉండాలి. సెలవులకు ఇంటికి వెళ్లే పిల్లల పేర్లు ఆ ఊరి ఆశా కార్యకర్తకు ముందే చేరాలి.

జూన్‌లో పాఠశాలలు తెరిచేనాటికి పెన్సిలిన్ మా కేంద్రాలకు చేరాలంటే, మందు కావాలని కోరే ఇండెంట్ మార్చిలోనే వెళ్లాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫార్మసిస్టు,
పాడేరు ఏజెన్సీ, అల్లూరి సీతారామరాజు జిల్లా