గుడి ఒక్క అక్షరం పక్కకు జరిగినందుకు

సంపాదకులకు నమస్కారం.

తెలంగాణ భాషా దినోత్సవం అయిన మరునాడు మీ జిల్లా పేజీలో పిల్లలకు తెలుగు రాయడం రావట్లేదని ఒక వార్త వేశారు. చదివిన రోజే రాస్తే కోపంలో ఏం రాసేవాణ్నో అని పది రోజులు ఆగాను. కోపం మాత్రం తగ్గలేదు. తప్పంతా బడి పిల్లల మీద, సెల్‌ఫోన్ల మీద వేసి వదిలేశారు. మా కాలనీ వాట్సాప్ గ్రూపులో పొద్దున లేస్తే తప్పుల తెలుగు పంపేది పిల్లలు కాదు. యాభై దాటినవాళ్లు, ఉద్యోగాలు చేసేవాళ్లు, నాయకుల ఫొటోలు పెట్టి పండుగ శుభాకాంక్షలు పంపేవాళ్లు. పిల్లలు ఆ గ్రూపులో లేనే లేరు.

మొన్న ఏం జరిగిందో చెప్తాను. రేషన్ కార్డు ఈకేవైసీ గురించి గ్రూపులోకి ఒక మెసేజ్ వచ్చింది. ఈకేవైసీ చేయించినవారు రేపు ఉదయం 10 గంటలకు రేషన్ షాపుకు వచ్చి వేలిముద్ర వేయాలి, లేకపోతే బియ్యం ఆగిపోతాయి అని. రాయాల్సింది 'చేయించనివారు'. 'న' మీద ఉండాల్సిన గుడి ఒక్క అక్షరం ముందుకు జరిగి 'చ' మీద కూర్చుంది, అంతే. మా పక్కింటి అవ్వకు డెబ్బై ఐదేళ్లు. కైకిలి, అంటే కూలి పని, చేసి చేసి వేళ్ల గీతలు అరిగిపోయిన చేతులు ఆమెవి, మిషన్ మీద వేలిముద్ర పడక నాలుగుసార్లు తిరిగి రెండు నెలల కిందటే ఆ పని పూర్తి చేసుకుంది. మనవరాలు ఈ మెసేజ్ చదివి వినిపించేసరికి మళ్లీ టెన్షన్ పట్టుకుంది. తెల్లారగానే సంచి, కార్డు పట్టుకుని పోయి పన్నెండున్నర దాకా లైన్లో నిలబడింది. ఆమెలాంటివాళ్లు ఇంకా ఇరవై మంది. నిజంగా రావాల్సినవాళ్లు ఇది మాకు కాదులే అని ఇంట్లో కూర్చున్నారు.

అక్కడితో అయిపోలేదు. ఆ మెసేజ్‌లో 'రేపు' అని ఉంది తప్ప తారీఖు లేదు, పంపిన ఆఫీసు పేరు లేదు, ఎవరి సంతకమూ లేదు. ఒక గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకు తిరుగుతూ నాలుగు రోజుల పాటు రోజూ 'రేపు' అంటూనే వచ్చింది. కరెంటు తీసేస్తారన్న మెసేజ్‌లూ, నీళ్లు రావన్న మెసేజ్‌లూ ఇట్లాంటివే. ఏ రోజు రాసిన రేపు అది? ఎవరిని అడగాలి? బిందెలు నింపుకోవాలా వద్దా అని కాలనీ ఆడవాళ్లు ఒకరికొకరు ఫోన్లు చేసుకోవాల్సి వస్తోంది.

నేను 1984 నుంచి అచ్చు పనిలో ఉన్నాను. సీసం అక్షరాలు గళ్లలోంచి ఏరి స్టిక్కులో పేర్చడం దగ్గర మొదలుపెట్టాను. వత్తులు వేరు, గుణింతాలు వేరు, అక్షరం తిరగేసి ఉంటుంది, తిరగేసి ఉన్నదాన్నే చదవాలి. ప్రూఫ్ తీశాక ఇద్దరం కూర్చునేవాళ్లం. ఒకరు రాత కాపీని పైకి చదివితే ఇంకొకరు ప్రూఫ్ మీద వేలు పెట్టి ఒక్కో మాట చూసుకుంటూ పోయేవారు. పెళ్లి పత్రికలో పెళ్లికొడుకు పేరు తప్పు పడితే ఐదు వందల కార్డులు మా ఖర్చుతో మళ్లీ వేసివ్వాలి, అందుకే అంత జాగ్రత్త. తర్వాత కంప్యూటర్ వచ్చింది, తెలుగు అచ్చుకు వాడే 'అను' ఫాంట్లు వచ్చాయి, పని సులువైంది, ప్రూఫ్ చూడటం మాత్రం మానలేదు. ఇప్పుడు ఒక్క మెసేజ్‌తో వెయ్యి ఇళ్లకు సంగతి చేరుతోంది, తప్పు పోయినా పంపినవాడికి రూపాయి ఖర్చు లేదు, అందుకే పంపేముందు ఒకసారి చదివే మనిషి లేకుండా పోయాడు. నేను అడిగేది ఆ ఒక్క మనిషి గురించే.

ఫోన్లో తెలుగు కుదరదండీ అంటారు. ఎందుకు కుదరదు? తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో 1991 నుంచి చోటు ఉంది. ణ ఉంది, ళ ఉంది, శ, ష, స మూడూ ఉన్నాయి, ఎవరూ వాడని ఱ కూడా ఉంది. చాలామంది ఇంగ్లీషు అక్షరాలు కొడితే ఫోనే తెలుగులోకి మారుస్తుంది. ఎల్ కొడితే ల కావాలా ళ కావాలా దానికేం తెలుసు? కింద రెండు మూడు మాటలు చూపిస్తుంది, మనం ఏరుకోవాలి. ఏరుకోవడానికి అర సెకను కూడా పట్టదు. అయినా కంటికి కనిపించిన మొదటి మాటే నొక్కి పంపేస్తారు. ఇంకొందరు నోటితో చెప్పి టైపు చేయిస్తారు, చుక్క లేదు, కామా లేదు, ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో తెలియని ఒకే వాక్యం వస్తుంది.

ఆ మార్చడం కూడా లేకుండా తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లోనే పంపేవాళ్ల సంగతి వేరు. జమ్మికుంటలో ఉండే మా చెల్లె కొడుకు ఒకసారి అమ్మకు బాగా నొప్పిగా ఉంది మామా అని పంపాడు. ఎక్కడ నొప్పి అంటే కె, ఏ, రెండు ఎల్‌లు, యు. నేను కళ్లు అనుకున్నాను. షుగర్ ఉన్న మనిషి, కళ్లంటే భయమేసి కంటి డాక్టర్ దగ్గర అదే రోజు నంబర్ రాయించాను. చెల్లె బస్సు దిగి రెండడుగులు వేసిందో లేదో, ఆగిపోయి మోకాళ్లు పట్టుకుంది. కాళ్లు. పొద్దంతా పోయింది, నొప్పి కాళ్లతో ఆమెకు అంత ప్రయాణం చేయించినవాళ్లమయ్యాం. అవే అక్షరాలను దుకాణంలో అమ్మే కల్లు అని కూడా చదువుకోవచ్చు. మన లిపిలో మూడు మాటలకు మూడు రూపాలు ఉన్నాయి, వాటిని వదిలేసి ఎందుకీ బాధ?

ప్రెస్సుకు వచ్చే మ్యాటర్ కూడా ఇప్పుడు వాట్సాప్‌లోనే వస్తుంది. శ్రద్ధాంజలి ఫ్లెక్సీలకైతే 'స్వర్గస్తులైనారు' అని, 'శ్రద్దాంజలి' అని, 'దశధిన కర్మ' అని వస్తుంది. అడగకుండానే సరిచేసి వేస్తుంటాను. ఈమధ్య ఒకాయన ఫోన్ చేసి, మేం పంపినట్టే వేయండి, అందరూ అట్లనే రాస్తున్నారు, మీదే తప్పులా కనిపిస్తోంది అన్నాడు. నలభై ఏళ్ల పనిలో ఆ మాట నాకు బాగా తగిలింది. తండ్రి పోయిన బాధలో ఉన్న మనిషితో వాదించలేక ఆయన అడిగినట్టే వేసిచ్చాను, ఆ ఫ్లెక్సీ ఇప్పటికీ చౌరస్తాలో ఉంది, అటు వెళ్లినప్పుడల్లా చూడాల్సి వస్తోంది.

ఈ మాటలు ఎవరితో అన్నా ప్రజాకవి కాళోజీ పేరు అడ్డం పెడతారు. మన యాసకు తప్పులు పడతావా అంటారు. నేను పుట్టింది పెరిగింది ఇక్కడే. అచ్చిండు, పోయిండు, గట్లనే, ఏంది, జర ఆగు, ఇవి మా ఇంటి మాటలు, రాయాలి, పత్రికలోనూ రాయాలి. కాళోజీ పుట్టిన సెప్టెంబర్ 9ని 2014 నుంచి భాషా దినోత్సవంగా చేసుకుంటున్నదే జనం మాటను రాతలోకి తెమ్మన్నాడని. మాట్లాడేటప్పుడు వత్తులు పలకనివాళ్లు మాలో చాలామంది ఉన్నారు, అదీ తప్పు అనను. కానీ రాతలో 'భారీ వర్షం' పోయి 'బారి వర్షం' వస్తే చదివేవాడు తడబడతాడు. మా పక్కింటి అవ్వ అచ్చిండు అంటది, కానీ చేయించినవాళ్లకు చేయించనివాళ్లకు తేడా తెలియకుండా ఒక్కరోజూ మాట్లాడదు. యాస వేరు, చూసుకోకుండా రాయడం వేరు, రెండూ ఒకటే అనేవాళ్లు యాసనే చిన్నబుచ్చుతున్నారు.

ఉర్దూ రాజభాషగా ఉన్న రోజుల్లో, 1904లోనే, హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టారు, తెలుగు పుస్తకం పది మంది చేతుల్లోకి పోవాలని. ఆ ఊళ్లోనే ఇప్పుడు ఊరి పేరు ఒక బోర్డు మీద హన్మకొండ, ఇంకో బోర్డు మీద హనమకొండ, మూడోదాని మీద హనుమకొండ. 2021లో జిల్లా పేరు మార్చినప్పుడైనా తెలుగులో ఇట్లా రాయాలని అన్ని ఆఫీసులకూ ఒక్క మాట గట్టిగా చెప్పి ఉంటే పోయేది కదా. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చింది. 2018లో ఒకటి నుంచి పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి అని చట్టం చేశారు. సంతోషమే. పదో తరగతి పిల్లవాడు తప్పు రాస్తే మార్కులు కోస్తారు. ఆఫీసు కుర్చీలో కూర్చుని ఇంగ్లీషు ఆర్డర్‌ను మిషన్‌లో వేసి, అది ఇచ్చిన తెలుగును చదవకుండానే జనం మీదికి వదిలే వాళ్లకు ఏం కోస్తున్నారు? అడిగితే అర్థమైంది కదా అంటారు. అర్థం కాలేదు కాబట్టే అవ్వ లైన్లో నిలబడింది.

మీ పత్రికనూ వదలలేను. పొద్దున ఇంటికొచ్చే పేపర్లో తప్పులు తక్కువే, ఎవరో చూస్తున్నారని తెలుస్తుంది. అదే వార్త మీ వెబ్‌సైట్లో చదివితే హెడ్డింగ్‌లోనే రెండు తప్పులు. ఫోన్లో చదివేవాడు పాఠకుడు కాదా? మా అబ్బాయి పేపర్ ముట్టడు, వాడు చూసే తెలుగు అంతా ఆ ఫోన్లో ఉన్నదే, వాడు నేర్చుకునేదీ అదే.

ప్రతి ఆఫీసులో ఒక్కరిని పెట్టండి. జనానికి పోయే మెసేజ్ ఆయన పైకి చదివి, తారీఖు వేసి, ఆఫీసు పేరు రాసి పంపాలి. దీనికి కొత్త జీవో అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు, రెండు నిమిషాల పని.

ఈ లేఖ పెద్దదైంది, చోటు చాలకపోతే ఎక్కడైనా కోసి వేసుకోండి. కానీ అందులో 'చేయించినవారు', 'చేయించనివారు' అని రెండు మాటలు ఉన్నాయి. వాటిని మాత్రం ప్రూఫ్‌లో ఒకరు పైకి చదివి, ఇంకొకరు వేలు పెట్టి చూడండి.

మీ పాఠకుడు,
హనుమకొండ