మైన్‌స్వీపర్ అంటే గనుల నౌక కాదు

సంపాదకుల వారికి,

పది రోజుల కిందట మీ ఆదివారం అనుబంధంలో అమెరికా నౌకాదళపు పాత ఓడ ‘క్వెయిల్’ గురించి వచ్చిన వ్యాసం చదివి, తప్పులు చూసి మీరే దిద్దుకుంటారులే అని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. సవరణల గడిలో ఇంతవరకు ఒక్క అక్షరం కనబడలేదు కనుక, విశాఖలో మైన్‌స్వీపర్ల మీద పదిహేనేళ్ళు పనిచేసి రిటైరైన నేనే కలం పట్టవలసి వచ్చింది.

మొదటి తప్పు శీర్షికలోనే ఉంది. సముద్రంలో అమర్చే మైన్‌ను ‘గని’ అన్నారు, వాటిని ఏరివేసే ఓడను ‘గనుల నౌక’ అన్నారు. సింగరేణి పేరు వినని తెలుగువాడు ఉండడు. మా మనవడు ఆ శీర్షిక చదివి, ఈ ఓడ బొగ్గు తవ్వడానికి వెళ్ళిందా తాతయ్యా అని అడిగాడు. మైన్ అంటే మందుపాతర అని మన్యం వార్తల్లో మీ పత్రికే ఎన్నోసార్లు రాసింది. ఆ మాట ఆదివారం అనుబంధం గదిలోకి రావడానికి ఎవరి సంతకం కావాలో నాకు తెలియదు.

‘నెమ్మదిగా నడిచే చిన్న ఓడ’ అని మీ వ్యాసకర్త ఒక్క ముక్కలో తేల్చేశారు. దాదాపు 188 అడుగుల పొడవు, 14 నాట్ల (గంటకు సుమారు 26 కిలోమీటర్ల) వేగం, రెండు 3 అంగుళాల తుపాకులు చూస్తే చిన్నదే, కాదనను. కానీ ఈ తరగతి ఓడలను వేగం కోసం కట్టలేదు, లాగడం కోసం కట్టారు. పక్కపక్కన నడిచే రెండు ఓడలు తమ మధ్య నీళ్ళలో ఉక్కు తీగను ఈడ్చుకుంటూ పోతాయి; ‘కైట్’ అనే బరువైన చట్రం ఆ తీగను కావలసిన లోతుకు తొక్కిపెడుతుంది; తీగ మైన్‌ను అడుగున కట్టి ఉంచిన మోకును కోస్తే మైన్ పైకి తేలుతుంది, దాన్ని తుపాకీతో కాల్చి పేలుస్తారు. అంత తీగను గంటల తరబడి లాగాలంటే పెద్ద ఓడలను లాగే టగ్గుకుండే బలం కావాలి. బిగిసిన తీగ మీద చెయ్యి ఆనిస్తే కింద ఏమి తగులుతున్నదో అరచేతికి తెలిసిపోతుంది. పేలుడు అదురుకు కాళ్ళ ఎముకలు విరగకుండా మోకాళ్ళు కాస్త వంచి నిలబడాలని మాకు మొదటి రోజే నేర్పారు. ఇలాంటివి రాయడానికి మీకు జాగా దొరకలేదు, వ్యాసకర్త ఫొటోకు మాత్రం పావు పేజీ దొరికింది.

ఈ తరగతి ఓడలన్నిటికీ పక్షుల పేర్లే. మొదటిది ‘ల్యాప్‌వింగ్’, అంటే మన తీతువు పిట్ట. ఆ పేరు పెడితే మనవాళ్ళు ఓడను నీళ్ళలోకే దించనివ్వరు. క్వెయిల్ అంటే కౌజు పిట్ట. ఆ ఓడ అమెరికాలో పెన్సిల్వేనియాలోని చెస్టర్‌లో 1918 అక్టోబరులో నీళ్ళలోకి దిగి, 1919 ఏప్రిల్‌లో సేవలో చేరింది. అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం ముగిసింది కనుక ‘పనిలేని ఓడ’ అయిందని మీ వ్యాసం చెప్పడం మరీ విడ్డూరం. దాని పని అప్పుడే మొదలైంది. జర్మన్ జలాంతర్గాములను ఆపడానికి స్కాట్లండ్ ఉత్తరాన ఉన్న ఓర్క్‌నీ దీవుల నుంచి నార్వే దాకా 1918లో అమెరికావారు 56 వేలకు పైగా, బ్రిటిష్‌వారు 13 వేలకు పైగా మైన్లు పెట్టారు. అమెరికా మైన్ నుంచి రాగి తీగ ఒకటి నీళ్ళలో పైకి నిలిచి ఉండేది. ఉక్కు ఓడ దానికి రాసుకుంటే చాలు, ఉప్పునీటిలో రాగికీ ఉక్కుకూ మధ్య పుట్టే సన్నని కరెంటే పేలుడుకు సరిపోయేది. ఏరడానికి వెళ్ళిన ఓడలు కూడా ఉక్కువే కదా! అందుకే ముందు రెండు కొయ్య తెరచాప పడవలతో ప్రయత్నించి చూసి, ఆ తరువాత ఓడలకు విద్యుత్ రక్షణ అమర్చి ఓర్క్‌నీలోని కిర్క్‌వాల్ రేవు నుంచి బయలుదేరారు. 1919 వేసవిలో క్వెయిల్ కూడా అక్కడికే వెళ్ళింది. ఆ పనిలో పదకొండు మంది చనిపోయారు. జులై 12న ఈ పనికి తెచ్చిన రిచర్డ్ బల్క్‌లీ అనే ట్రాలర్ (వలలు లాగే చేపల ఓడ) మునిగి కమాండర్ కింగ్‌తో సహా ఏడుగురు పోయారు. యుద్ధం అయిపోయాక పోయిన ప్రాణాలు కనుక మీ వ్యాసంలో లెక్కకు రాలేదు కాబోలు.

ఇక చివరి తప్పు. క్వెయిల్‌ను ‘జపాన్ విమానాలు ముంచేశాయి’ అని రాశారు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 జనవరిలో ఫిలిప్పీన్స్‌లోని బటాన్ తీరంలో జపాన్ సేనల మీద గుళ్ళు కురిపించి, దెబ్బలు తిని, అక్కడి కొరిగిడార్ దీవి కోట పతనమయ్యే వేళ మే నెల మొదటి వారంలో ఆ ఓడ తన సిబ్బంది చేతులతోనే మునిగింది, శత్రువుకు దక్కకుండా. తరువాత ఆ ఓడ కెప్టెన్ మోరిల్, మరి పదిహేడు మంది 36 అడుగుల మోటారు పడవలో దాక్కుంటూ సాగి, రెండు వేల మైళ్ళకు పైగా దాటి, జూన్ 6న ఆస్ట్రేలియాలోని డార్విన్ చేరారు.

ఈ చిన్నచూపు మీ ఒక్కరిదే అనను. మన కాకినాడ పేరు పెట్టుకున్న మైన్‌స్వీపర్ 2017లో సేవ ముగించింది. ఆఖరిదైన కోజికోడ్ 2019లో వెళ్ళిపోయింది. పన్నెండు కొత్త ఓడల కోసం దక్షిణ కొరియాతో నడిపిన బేరాన్ని 2018లో రద్దు చేశారు. ఇంత తీరప్రాంతం పెట్టుకుని ఒక్క మైన్‌స్వీపర్ లేకపోవడం ఢిల్లీ పెద్దలకు పట్టలేదు, పత్రికలకూ పట్టలేదు.

ఉత్తరం పొడుగైందని తోస్తే నా పదిహేనేళ్ళ సంగతీ, మనవడి ప్రశ్నా తీసేయండి. క్వెయిల్‌ను ఎవరు ముంచారన్నది మాత్రం వచ్చే ఆదివారం సరిచేసి వేయండి. దానితోపాటు ఆ ‘గనులు’ అన్న మాట కూడా.

ఇట్లు,
ఒక విశ్రాంత నావికుడు,
విశాఖపట్నం