లోడు వేయకుండా పికప్‌ను మెచ్చుకోకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ వాహనాల పేజీలో కొత్త పికప్‌ల మీద వచ్చిన వ్యాసం చదివాను. పాత పికప్‌లు ఎద్దులబండితో సమానమనీ, కొత్తవి గతుకుల్లో కూడా కారులా మెత్తగా పోతాయనీ మీ విలేఖరి రాశారు. ఆయన బండిని పరీక్షించింది నున్నటి రోడ్డు మీద, తాను తప్ప వేరే బరువేమీ లేకుండా. ఫోటోలో వెనుక బాడీ ఎంత తళతళలాడుతోందంటే అందులో విస్తరి వేసుకుని భోజనం చేయవచ్చు. పికప్‌ను అలా చూడటం, వంట రుచి చూడకుండా గిన్నెలు బాగా తోమారని మెచ్చుకున్నట్టుంది.

నాది నార్పల మండలంలో ఆరెకరాల చీనీ (బత్తాయి) తోట. తోటకూ తారు రోడ్డుకూ మధ్య మూడు కిలోమీటర్ల మట్టిదారి, మధ్యలో ఒక వంక (చిన్న వాగు). 1997 మోడల్ జీపు పికప్‌ను ఇరవై ఏళ్లకు పైగా నడిపాను. నాలుగేళ్లుగా ఈ తరం పికప్ నడుపుతున్నాను. రెండూ ఫోర్‌వీల్ డ్రైవ్ బండ్లే. రెండింటినీ కొంత తిట్టబోతున్నాను కనుక వాటి పేర్లు రాయను.

పాతదానికి ముందూ వెనుకా కమాన్ కట్టలే, అంటే ఉక్కు పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన స్ప్రింగులే (లీఫ్ స్ప్రింగులు). ముందు చక్రాలు రెండింటికీ ఒకే ఇరుసు. ఎడమ చక్రం రాయెక్కితే కుడి చక్రం కూడా ఒరుగుతుంది, ఆ ఊపుకు స్టీరింగ్ చేతిలోనే గిర్రున తిరుగుతుంది. స్టీరింగ్ చువ్వల మధ్యకు బొటనవేలు పోనివ్వొద్దని నాకు బండి నేర్పిన డ్రైవరు మొదటి రోజే చెప్పాడు. వినలేదు. నెలరోజులు వేలికి కట్టుతో తిరిగాను. గార్లదిన్నె వైపు హైవే మీద వెళ్తూ ఏ గుంతలోనో పడితే ముందు చక్రాలు రెండూ గడగడా వణకడం మొదలుపెట్టేవి. దాదాపు ఆగేదాకా వేగం తగ్గిస్తే తప్ప ఆ వణుకు నిలిచేది కాదు. ముందు చక్రాలు పక్కకు తిరిగే కీలు దగ్గరి కింగ్ పిన్నులు మారిస్తే కొన్నాళ్లు నిమ్మళం, ఆ తర్వాత మళ్లీ అదే జ్వరం. నా భార్య ఆ బండిలో అనంతపురం రావడం మానేసి బస్సెక్కడం మొదలుపెట్టింది. ఇదంతా నిజమే, మీ విలేఖరి పాత బండిని అనవసరంగా నిందించలేదు.

అయితే అదే బండి మీద టన్ను చీనీ వేస్తే చెరువులో దిగిన గేదెలా కుదురుకునేది. కమాన్ పట్టీలను ఖాళీ బండికి సరిపడేలా వేయరు, నిండు బరువుకు సరిపడేలా వేస్తారు. ఖాళీగా ఉన్నప్పుడు అవి వంగవు, వంగనిది స్ప్రింగ్ కాదు, ఇనుప దిమ్మ. బరువు పడ్డాక పట్టీలు సాగి ఒకదాని మీద ఒకటి జారతాయి. ఆ ఒరిపిడే సగం ఊపును మింగేస్తుంది. అందుకే లోడు లారీ మన పక్కనుంచి గంభీరంగా పోతుంది, ఖాళీ లారీ డబ్బాలో గులకరాళ్లలా మోగుతుంది.

ఇక కొత్త బండి. దీని ముందు చక్రాలు దేనికవే విడిగా కదులుతాయి, చుట్ట స్ప్రింగులు. ఎడమ చక్రం రాయెక్కితే ఆ సంగతి ఎడమ చక్రానికే తెలుస్తుంది. స్టీరింగ్ వణకదు. హైవే మీద గీత గీసినట్టు పోతుంది. గతుకుల మలుపులో బ్రేకు వేసినా పక్కకు లాగదు. నా భార్య ఇప్పుడు ముందు సీటులో నిద్రపోతోంది. బుక్కరాయసముద్రం దాటాక లేపుతాను.

కానీ వెనుక సంగతి? అక్కడ ఇప్పటికీ కమాన్ కట్టలే. ఇది నా బండి ఒక్కదాని కథ కాదు. 2016 నుంచి మన రాష్ట్రంలోనే శ్రీసిటీలో తయారవుతున్న ఇసుజు వీ-క్రాస్‌కూ, 2022లో మన దేశంలోకి వచ్చిన టయోటా హైలక్స్‌కూ వెనుక ఉన్నవి కమాన్ కట్టలే. లక్షలకు లక్షలు పోసి కొన్న బండి కిందికి వంగి చూస్తే పాత జీపు చుట్టరికం కనబడుతుంది. ఇందులో కంపెనీల పిసినారితనం వెతకనక్కరలేదు. కమాన్ కట్ట స్ప్రింగూ అదే, ఇరుసును అటూ ఇటూ పోకుండా పట్టే చెయ్యీ అదే. బరువును ఛాసిస్ మీద రెండు చోట్లకు పంచుతుంది. సరుకు మోయడానికి అంత చవకైన, మొండి ఏర్పాటు ఇంకొకటి దొరకడం కష్టం. కాబట్టి ఈ ముప్పై ఏళ్లలో మెరుగైనది ఎక్కువగా ముందు సగమే. మనిషి కూర్చునే సగం.

నాకు దెబ్బ తగిలింది అక్కడే. కొత్త బండి వచ్చిన ఏడాది మొదటి కోత. ఆరేడు వందల కిలోల కాయలే ఉన్నాయి, అంటే సగం లోడు. అడుగున వరిగడ్డి పరిచి పోశాం. మట్టిదారిలో నాకు ఒక్క గతుకు తెలియలేదు. తెలియదు కాబట్టి, పాత బండిని ఇరవైలో నడిపే చోట దీన్ని ముప్పై అయిదులో పోనిచ్చాను. మార్కెట్ యార్డులో కుప్ప పోశాక వ్యాపారి పైకాయలు చూడలేదు. చెయ్యి లోపలికి పోనిచ్చి అడుగునున్న కాయ ఒకటి తీసి బొటనవేలితో నొక్కాడు. తొడిమ పక్కన మెత్తగా దిగింది. ఇంకొకటి తీశాడు, అదీ అంతే. ఏమీ మాట్లాడకుండా రెండింటినీ నా చేతిలో పెట్టాడు. కమిలిన కాయ ఆ పూట పచ్చగానే కనిపిస్తుంది. ఢిల్లీ చేరేసరికి పక్కకాయలను కూడా చెడగొడుతుంది. ఆ రోజు వచ్చిన ధర నా కూలీలకు చెప్పడానికి కూడా సిగ్గుపడ్డాను.

పాత బండిలో దెబ్బ నాకూ చీనీకీ సమానంగా తగిలేది. నా నడుము గోల పెట్టగానే కాలు దానంతట అదే బ్రేకు మీదికి పోయేది, ఆ పుణ్యాన కాయలు బాగుండేవి. కొత్త బండిలో దెబ్బ నా దాకా రావడం లేదు, వెనుక కాయలకు మాత్రం తగులుతూనే ఉంది. మీ వ్యాసంలో మెత్తదనం గురించి మూడు పేరాలు ఉన్నాయి. అది ఎవరి మెత్తదనమో ఒక్క వాక్యం లేదు. మా తోటలో కోతకు వచ్చే ఒకావిడ గంపల దగ్గర వెనుక కూర్చుని వంక దాకా వస్తుంది (తారు రోడ్డెక్కాక వెనుక ఎవరినీ ఎక్కనివ్వను). ఆమెను అడిగాను, ఏ బండి బాగుందమ్మా అని. "ముందర కూర్చున్నోళ్లను అడుగు నాయనా, నాకు రెండూ దూడ మీద కూర్చున్నట్టే ఉంటాయి" అంది. నా ఉత్తరం అంతా కలిపితే ఆ మాటంత ఉండదు.

ఆ తర్వాత నేను చేసిన తెలివితక్కువ పని కూడా రాయాలి, ఎందుకంటే మా వైపు సగం మంది ఇదే చేస్తున్నారు. బరువుకు వెనుక కిందికి దిగుతోందని ప్రతి కట్టకూ రెండేసి పట్టీలు అదనంగా వేయించాను. ఇంటికి వస్తుంటే బండి తోక లేపుకుని, జాతరలో గుర్రంలా, మహా ఠీవిగా ఉంది. రెండో వారం ఖాళీగా వస్తున్నాను. కంకర పరిచి వదిలేసిన మలుపు. వేగం నలభై కూడా లేదు. వెనుక చక్రాలు కంకర మీద టప్పటప్పమని ఎగురుతూ నేలను వదిలేశాయి, బండి వెనుక భాగం నన్ను దాటి ముందుకు పోవాలన్నట్టు పక్కకు జారింది. చింతచెట్టుకు రెండడుగుల దూరంలో ఆగాను. చక్రం నేలను అంటి ఉంటేనే బ్రేకైనా మలుపైనా. పట్టీ గట్టిపడితే చక్రం ప్రతి రాయికీ ఎగురుతుంది, తాను వంగి మింగాల్సిన దెబ్బను ఛాసిస్ మీదికి నెడుతుంది. మర్నాడే ఆ పట్టీలు తీయించాను. దిగుతోందంటే బరువు ఎక్కువైందని అర్థం, ఇంకో ట్రిప్పు వేసుకోమని బండి చెబుతోందన్న మాట.

వాటిని విప్పిన కమాన్ల మేస్త్రి తాడిపత్రి రోడ్డులో ముప్పై ఏళ్లుగా ఉన్నాడు. నా పాత జీపు పట్టీ విరిగినప్పుడల్లా ఆయనే దిక్కు. కట్ట విప్పి, విరిగిన పట్టీని పక్కన పడేసి, ఎక్కడ విరిగిందో చూడమనేవాడు. ఎక్కువసార్లు పట్టీలన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్టు రంధ్రం దగ్గరే. కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు వదులైతే కట్ట నడుము కదలాడుతుంది, రంధ్రం దగ్గర పట్టీ బలహీనం, అక్కడే తెగుతుంది. "కొత్త పట్టీ వేశాక వారం తిరిగి మళ్లీ బోల్టులు బిగించుకోండి సామీ, అది మాత్రం ఎవరూ చేయరు" అనేవాడు. నేనూ చేసేవాణ్ణి కాదు. సాయంత్రం బండి ఇస్తే పొద్దున్నే సిద్ధం. కొత్తదాని ముందు భాగానికి ఈ సౌకర్యం లేదు. దానిలో కీళ్ల దగ్గరి రబ్బరు బుష్షులు, బాల్ జాయింట్లు అరుగుతాయి, అరిగినా వెంటనే ఏమీ చెప్పవు. నా బండి ముందు టైర్లు లోపలి అంచున నున్నగా అరిగిపోయాక తెలిసింది అలైన్‌మెంట్ పోయిందని. పాత బండి అరిచి చెప్పేది, ఇది టైరు తిని చెబుతుంది.

వంక సంగతి రాయకపోతే ఈ పోలిక సగమే. వానల తర్వాత మా వంకలో ఇసుక ఒకచోట, గుండ్రాళ్లు ఒకచోట. పాత బండి ఇరుసు దిమ్మ నేలకు ఎంత ఎత్తులో ఉందో ఎప్పుడూ అంతే ఎత్తులో ఉండేది. ఏ రాయి కింది నుంచి పోతుందో, ఏది తగులుతుందో కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి. ఒక చక్రం గుంతలోకి దిగితే ఇరుసు వాలి దాన్ని నేలకు ఆనించేది. కొత్తదానికి ముందు భాగం బ్రేకు వేసినా, దిగుడులో పడినా కిందికి కుంగుతుంది, దాంతో పాటు అడుగు రేకు కూడా దిగుతుంది. దాటేశాననుకున్న రాయే ఒకసారి గణగణమని తగిలింది. ఎదురెదురు మూలల్లో గుంతలు వస్తే ఒక ముందు చక్రం, ఒక వెనుక చక్రం గాలిలో తిరుగుతూ నిలబడిపోతాయి. తిరిగే చక్రాన్ని తానే బ్రేకు వేసి ఆపే ఎలక్ట్రానిక్ ఏర్పాట్లు, హైలక్స్‌కు ఉన్నట్టు వెనుక డిఫరెన్షియల్ లాక్ (వెనుక చక్రాలు రెండూ కలిసే తిరిగేలా చేసేది) ఉన్న బండ్లకు ఈ బాధ తక్కువ. నా బండికి రెండూ లేవు. ఆ రోజు పక్క తోట ట్రాక్టరు లాగింది. ట్రాక్టరు డ్రైవరు నవ్వుతాడని భయపడ్డాను, నవ్వాడు.

మా అక్క కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు, పికప్‌ల పిచ్చి. ఒకే ఇరుసు మేలా, విడి చక్రాలు మేలా అన్న ఈ తగవు అక్కడ ఎప్పటి నుంచో ఉందట. టయోటా ఫోర్‌వీల్ పికప్‌లకు 1985 మోడల్ దాకా ముందు కూడా ఒకే ఇరుసు, 1986 మోడల్ నుంచి విడివిడి చక్రాలు. రాళ్లెక్కే సరదా ఉన్నవాళ్లు ఇప్పటికీ ఆ పాతవాటి కోసం వెతుకుతారట. 2009 మోడల్ నుంచి డాడ్జ్ రామ్ 1500 వెనుక కూడా కమాన్ కట్టలు తీసేసి చుట్ట స్ప్రింగులు పెట్టారు, 2022 మోడల్ నుంచి టయోటా టండ్రా అదే దారి పట్టింది. "అలాంటివి ఇక్కడికి ఎప్పుడొస్తాయిరా?" అని అడిగితే, "మామా, నువ్వు దానిలో టన్నున్నర వేస్తావు, అవి రాకపోవడమే మంచిది" అన్నాడు. సమాధానం చెప్పలేకపోయాను.

చివరగా ఒక చిన్న విషయం. పికప్ డ్రైవరు తలుపు దగ్గర అంటించిన కాగితంలో టైర్ల గాలికి సాధారణంగా రెండు లెక్కలు ఉంటాయి, ఖాళీకి ఒకటి, లోడుకు ఒకటి. మా వైపు ఎవరూ దాన్ని చదవరు, నేనూ మూడేళ్లు చదవలేదు. లోడుకు కొట్టించిన గాలితోనే ఖాళీగా తిరిగి, బండి ఎగురుతోందని కమాన్లను తిట్టాను. ఇప్పుడు ఖాళీ రోజుల్లో గాలి తగ్గిస్తున్నాను. ఆ చింతచెట్టు మలుపులో ఇప్పుడు ఎగరడం సగానికి తగ్గింది.

అందుచేత నా విన్నపం ఇది. ఈసారి పికప్‌ల పోలిక రాసేటప్పుడు మీ విలేఖరిని కోతల సమయంలో మా ఊరికి పంపండి. పాత జీపు ఇంకా మా పాకలోనే ఉంది, తాళం వేస్తే స్టార్ట్ అవుతుంది. రెండింటిలో సమానంగా కాయలు పోద్దాం. డీజిల్ ఖర్చు నాది, భోజనం మా ఇంట్లో. షరతు ఒకటే. వంక దాకా ఒక ట్రిప్పు ఆయన ముందు సీటులో కాకుండా వెనుక గంపల పక్కన కూర్చోవాలి.

ఇట్లు,
ఒక చీనీ రైతు,
నార్పల మండలం, అనంతపురం జిల్లా