లైఫ్ జాకెట్లు లెక్కపెట్టారు సరే, డీజిల్ ట్యాంకు అడుగు ఎవరు చూశారు?

ఎడిటర్ గారికి నమస్కారం.

కృష్ణలో తిరిగే బోట్ల తనిఖీల గురించి మీ పేపర్లో వచ్చినప్పుడల్లా చదువుతుంటాను, ప్రతిసారీ లైఫ్ జాకెట్లు ఎన్ని, ఎంతమందిని ఎక్కించారు, కాగితాలు ఉన్నాయా లేవా ఇదే. 2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర బోటు బోల్తాపడి జనం పోయింది మర్చిపోలేదు కాబట్టి అవి అడగాల్సిందే, కాదనను. కానీ బోటుని ఏటి మధ్యలో ఆపేసేది ఇంకోటి ఉంది, డీజిల్ ట్యాంకు అడుగున చేరే మడ్డి, దాన్ని ఎవరూ మూత తీసి చూడరు. అసలు చూద్దామన్నా మూతే ఉండదు, అదీ నా గోల.

మా బావకి చిన్న డీజిల్ బోటు ఉంది. వరదల టైములో మూడు నెలలు సీతానగరం వైపు ఒడ్డున కట్టేసి ఉంచాడు, ట్యాంకులో సగం డీజిలు. నీళ్లు తగ్గాక తీశాం, ఒడ్డున ఇంజన్ ముద్దుగా తిరిగింది, తీరా భవానీ ద్వీపం దాటి గాలి లేచి బోటు ఊగడం మొదలయ్యేసరికి దగ్గి దగ్గి ఆగిపోయింది. మెకానిక్ వచ్చి డీజిల్ పైపులో ఎయిర్ పట్టిందండీ అని ఆ గాలి వదిలేసి ఫిల్టరు మార్చాడు, ఒడ్డున బాగానే ఉంది, లోపలికెళ్తే మళ్లీ అదే కథ. రెండు ఫిల్టర్లు మింగాక నాకు అనుమానం వచ్చి ట్యాంకులోకి సన్న ట్యూబు దింపి అడుగు నుంచి లాగి, మా అక్క కడిగి ఎండబెట్టుకున్న ఆవకాయ సీసాలో పట్టాను (తిట్లు తర్వాత తిన్నాలెండి). పావుగంట కదలకుండా పెడితే పైన తేట డీజిలు, అడుగున నీళ్లు, రెంటికీ మధ్య గోధుమరంగు మీగడలాంటి పొర. పుల్లతో లేపితే చీమిడిలా సాగింది.

డీజిలు లీటరు సుమారు 830 గ్రాములే తూగుతుంది, నీళ్లు కేజీ, అందుకే నీళ్లు కిందకి దిగిపోతాయి, ఆ రెండూ తగిలే చోటే బ్యాక్టీరియా, బూజు పుట్టి డీజిలు తింటూ పెరుగుతాయి, తుప్పూ దుమ్మూ దానికే అతుక్కుంటాయి. బోటు కదలకపోతే మడ్డి అడుగున పడుకుని ఉంటుంది, ఊగితే లేచి ఇంజన్‌కి డీజిలు లాగే పైపులోకి పోతుంది. అందుకే ఒడ్డున ఎన్ని ట్రయల్స్ వేసినా దొరకదు. నీళ్లెక్కడివంటే ట్యాంకు లోపల చెమట పడుతుంది అంటారు, అదీ నిజమే, అందుకే కట్టేసేముందు ట్యాంకు నింపేయాలి, కానీ నా లెక్కలో అసలు దొంగ డెక్ మీద డీజిలు పోసే చోట మూతకుండే రబ్బరు వాషరు, అది చిట్లితే వానంతా లోపలికే.

ఇంక క్లీనింగ్ సంగతి. బయట పెట్టుకునే క్యానైతే దులిపేస్తాం, ఇది ట్యాంకు బిగించి పైన ఫ్లోరు వేసేసిన బోటు, లోపల డీజిలు ఎగసిపడకుండా రెండు అడ్డ రేకులు, అంటే మూడు అరలు, ఒక చోట కన్నం పెడితే ఆ అర ఒక్కటే శుభ్రమవుతుంది. మందు పోస్తే చాలన్నారు కొందరు, పోశాం కూడా, క్రిములు చచ్చాయేమో గానీ చచ్చిన మడ్డి ఊడొచ్చి ఇంకో ఫిల్టరు పోయింది. ఆటోనగర్లో గ్రైండరు పెట్టి కోసేద్దాం అన్నారు, ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరికి నిప్పురవ్వ తగిలితే ఏమవుతుందో తెలిసి నేను ఒప్పుకోలేదు. డీజిలంతా తోడి, గాలి పట్టించి, చేతి డ్రిల్లుతో చుట్టూ చిల్లులు వేసి అరకో మూత చొప్పున మూడు మూతలు పెట్టించాం, ఒక రోజంతా పట్టింది. మూతల కింద మొదట సైకిల్ ట్యూబు కోసి వేశాం, డీజిలుకి వారంలో ఉబ్బి కారింది, డీజిలుకి తట్టుకునే నైట్రైల్ రబ్బరు వేశాక ఆగింది. ఇంజన్ ముందు, డీజిల్లోంచి నీళ్లు వేరుచేసే, అడుగున గాజు గిన్నె ఉన్న వాటర్ సెపరేటరు పెట్టాం, పొద్దున్నే బావ టీ తాగకముందే దాని స్క్రూ తిప్పి కింద చేరిన నీళ్లు వదిలేస్తాడు.

గీకితే బకెట్టు మడ్డి వచ్చింది. ఘాటు దగ్గర ఒకాయన ఏట్లో కుమ్మరించెయ్యండి, వరదొస్తే అదే పోద్ది అన్నాడు. ఎక్కడికి పోద్దండీ, ప్రకాశం బ్యారేజీ ఎగువన నిలిచేది 3.07 టీఎంసీ, ఆ నీళ్లే మన కుళాయిల్లోకీ డెల్టా కాలవల్లోకీ వచ్చేది. 2016 ప్రమాదకర వ్యర్థాల రూల్స్ ప్రకారం ట్యాంకుల అడుగున తీసిన ఆయిల్ మడ్డి ప్రమాదకర వ్యర్థం, మరి ఒక్క బకెట్టున్నవాడు దాన్ని తీసుకుని ఎవరి గుమ్మం ఎక్కాలి?

2021 ఇన్లాండ్ వెసల్స్ చట్టం కింద బోటు సర్వే ఎలాగూ చేస్తారు కదా, అప్పుడే ట్యాంకుకి అరకో మూత ఉందా, అడుగున నీళ్లు వదిలే దారి ఉందా అని కూడా చూడమనండి, కొత్తగా కట్టే బోటుకైతే అదేం పెద్ద ఖర్చు కాదు, ఫ్లోరు వేశాకే ప్రాణం మీదకొచ్చేది. పున్నమి ఘాట్లోనో ఇంకెక్కడో మడ్డి పోయడానికి ఒక డ్రమ్ము పెట్టి, దాన్ని ఎవరు ఎప్పుడు పట్టుకెళ్తారో బోర్డు రాస్తే చాలు.

మా బకెట్టు ఇంకా బావ షెడ్లోనే గోనెపట్టా కట్టి ఉంది. అది ఎప్పుడు తీస్తారని అక్క రోజూ అడుగుతోంది.

ఇట్లు,
ఒక పాఠకుడు, రాణిగారితోట, విజయవాడ