పెరిగింది నేరమా, నమోదా?

ప్రియమైన రమణా,

నీ వ్యాసం చిత్తుప్రతి నిన్న అందింది. రాత్రి రెండుసార్లు చదివాను. ఎంత మథనపడి రాశావో తెలుస్తూనే ఉంది. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడవైనా ఓపిక పట్టు.

ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. నిర్భయ ఘటన మరుసటి ఏడాదే దేశంలో అత్యాచారాలు మూడో వంతుకు పైగా పెరిగాయని రాశావు. అంకెల్లో తప్పు లేదు. జాతీయ నేర గణాంకాల బ్యూరో పట్టికలో 2012కి 24,923, 2013కి 33,707 ఉన్నాయి. అంటే 35 శాతం ఎక్కువ. అయితే ఆ పట్టిక లెక్కపెట్టేది పోలీసులు నమోదు చేసిన కేసులను. జరిగిన నేరానికీ, నమోదైన కేసుకూ మధ్య ఎంత దూరం ఉంటుందో నేను కళ్లారా చూశాను.

చాలా ఏళ్ల క్రితం, మా వీధిలో కుట్టుపని చేసుకునే ఒకావిడకు తోడుగా నేనూ మా ఆవిడా స్టేషనుకు వెళ్లాం. మూడు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టారు. చివరికి "పరువు పోతుందమ్మా, పెద్దమనుషుల్లో తేల్చుకోండి" అని పంపేశారు. ఫిర్యాదు కాగితం చేతిలోకైనా తీసుకోలేదు. ఆ ఏడాది లెక్కలో ఆవిడ లేదు. అలాంటివాళ్లు ఎంతమందో తలచుకుంటే ఇప్పటికీ నాకు మనసు మండిపోతుంది.

2013లో ఏం మారిందో చూడు. అత్యాచారానికి చట్టం ఇచ్చే నిర్వచనం విస్తరించింది. సమ్మతి వయసు 16 నుంచి 18కి పెరిగింది. ఇలాంటి ఫిర్యాదును నమోదు చేయని పోలీసు అధికారికి జైలుశిక్ష వేసే సెక్షను వచ్చింది. నవంబరులో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు ఎఫ్‌ఐఆర్ నమోదు తప్పనిసరి అని చెప్పింది. వీటన్నిటికీ మించి, అంతమంది జనం వీధుల్లోకి రావడం చూసి ధైర్యం తెచ్చుకున్న ఆడవాళ్లున్నారు. ఇన్ని ఒక్కసారిగా కదిలినప్పుడు ఆ 35 శాతంలో దేని వాటా ఎంతో రెండు అంకెలు పక్కపక్కన పెడితే తేలదు. హత్యలు చూడు, శవాన్ని దాచడం కష్టం కాబట్టి ఆ లెక్క కాస్త గట్టిది. అవి 34,434 నుంచి 33,201కి తగ్గాయి. అత్యాచారాలు పెరగలేదని దీన్నిబట్టి నేననను. పెరిగాయని నువ్వూ అనలేవు.

ఇంకొకటి, ఇది నన్ను ఎక్కువ బాధపెట్టింది. శిక్షలు 27 శాతమే కాబట్టి మిగతావన్నీ తప్పుడు కేసులన్నావు. ఆ శాతాన్ని కట్టేది ఆ ఏడాది విచారణ పూర్తయిన కేసుల మీద. పెండింగు కేసులు అందులో ఉండవు. కేసు కొట్టేశారంటే నేరం రుజువు కాలేదని అర్థం. సాక్షులు ఎదురుతిరిగి ఉండవచ్చు, బయట రాజీ కుదిరి ఉండవచ్చు, దర్యాప్తు నాసిగా సాగి ఉండవచ్చు. ఫిర్యాదు అబద్ధమనే మాట ఆ అంకెలో ఎక్కడుంది? ఆ పేరా మొత్తం తీసెయ్యి, నా మాట విను.

అన్నట్టు, ఆంధ్రప్రదేశ్‌లో 2013 కన్నా 2015లో నేరాలు తగ్గాయన్న చోట తెలంగాణ విడిపోయిన సంగతి మరిచావు. రెండు రాష్ట్రాలనూ కలిపి చూడు.

దిద్దాక మళ్లీ పంపు. ఆవిడ ఇప్పటికీ మా వీధిలోనే ఉంది. అచ్చయ్యాక చదివి వినిపిస్తానని మాటిచ్చాను.

నీ
సుబ్బారావు