పెట్టె ఎక్కే మనిషికీ ఒక ఊరూ ఉద్యోగమూ ఉండాలి

సంపాదకులకు,

నమస్కారం. పోయిన ఆదివారం మీ అనుబంధంలో కామిక్స్ మీద వచ్చిన వ్యాసం చదివాను. సైన్స్ ఫిక్షన్ బొమ్మల కథల్లో హీరో పక్కన తిరిగే అమ్మాయికి ఉన్న పనల్లా ‘ఇదేంటి, అదేంటి’ అని అడగడం, ఆపదలో ఇరుక్కుని కేక పెట్టడం అని వ్యాసకర్త ఒక్క ముక్కలో తేల్చేశారు. చాలా కథల విషయంలో ఆయన అన్నది నిజమే అయ్యుండొచ్చు. కానీ పనిగట్టుకుని ‘డాక్టర్ హూ’ను, అంటే నీలం పెట్టెలా ఉండే టైమ్ మెషీన్‌లో కాలంలో తిరిగే ‘డాక్టర్’ అనే అతని బీబీసీ సీరియల్ కథలను, ఉదాహరణగా చూపించారు చూడండి, అక్కడ నేను ఒప్పుకోను.

నేను శాఖా గ్రంథాలయంలో రికార్డ్ అసిస్టెంట్‌గా చేసి రిటైరయ్యాను. ఇంగ్లిష్ నిదానంగా చదువుతాను. హైదరాబాద్ నుంచి వచ్చిన మా మేనల్లుడు ఒక సంపుటం మా ఇంట్లో మర్చిపోయి వెళ్లాడు. టైటాన్ కామిక్స్ వాళ్లు 2014 జూలైలో మొదలుపెట్టిన ‘ది ఎలెవెన్త్ డాక్టర్’ బొమ్మల కథ అది (డాక్టరు రూపాలు మారుస్తుంటాడు, ఇది పదకొండో రూపం). కథ ఆల్ యూయింగ్, రాబ్ విలియమ్స్. బొమ్మలు సైమన్ ఫ్రేజర్. రంగులు గ్యారీ కాల్డ్‌వెల్. కథానాయిక ఆలిస్ ఒబియెఫూనె లండన్‌లో లైబ్రరీ అసిస్టెంట్ అని తెలిసేసరికి కళ్లద్దాలు తుడుచుకుని సరిగ్గా కూర్చున్నాను. మా వాళ్లను ఏ కథలోనైనా ‘ష్...’ అనడానికే కదా పెడతారు!

మొదటి సంచిక మొదటి పేజీల్లో డాక్టరూ లేడు, టైమ్ మెషీనూ లేదు. ఆలిస్ వాళ్ల అమ్మ చనిపోయింది. లైబ్రరీ ఉద్యోగమూ పోయింది. ఆ పేజీలన్నీ బూడిద రంగే. మన దగ్గర పెద్దకర్మ కాగానే చుట్టాలు ఎవరి బస్సు వాళ్లు ఎక్కేస్తారు, ఆ మర్నాడు ఇల్లు ఎలా ఉంటుందో మా అమ్మ పోయినప్పుడు చూశాను. ఆ వెలితి కాల్డ్‌వెల్‌కి ఎలా తెలిసిందో గానీ, మాటల్లో పెద్దగా ఏడిపించకుండా రంగు తీసేసి చూపించాడు. ఆ బూడిదలోకి ఇంద్రధనుస్సు రంగుల కుక్కలాంటి జంతువొకటి దూసుకొస్తుంది. దాన్ని తరుముకుంటూ బో టై కట్టుకున్న డాక్టరు.

ఇక్కడే వ్యాసకర్త మరోసారి చూడాల్సింది ఉంది. ఆ జంతువు ఎక్కడి నుంచో ఊడిపడ్డ రాక్షసి కాదు. మనుషుల దిగులూ బాధా దానికి ఆహారం, అవి తినే పెరుగుతుంది. అంటే ఆలిస్ దుఃఖాన్ని ముందు అన్ని పేజీల్లో చూపించకపోతే తర్వాతి పరుగులకు అర్థమే ఉండదు. సాహసం ఆవిడ బతుకులోంచే పుట్టింది. నడుమ పరుగులు కాస్త గోల గోలగా ఉన్నాయి, డాక్టరు మాట్లాడింది సగానికి తగ్గించినా నష్టం లేదు. అయినా నీలం పెట్టె ఎక్కేసరికి ఆలిస్ ఎవరో, ఎందుకు ఎక్కుతోందో మనకు పూర్తిగా తెలుసు. డాక్టరు గురించే ఇంకా తెలియాలి.

అదే నెలలో వచ్చిన ‘ది టెన్త్ డాక్టర్’ మొదటి సంచికా అంతే. నిక్ అబాడ్జిస్ రాసిన ఆ కథలో గాబ్రియెల్లా అనే అమ్మాయి న్యూయార్క్‌లో సొంతవాళ్ల లాండ్రీ షాపులో పనిచేస్తూ, పెద్ద చదువులకు వెళ్లాలని కలలు కంటూ ఉంటుంది. అసలు 1963 నవంబర్‌లో బీబీసీలో ఈ సీరియల్ మొదలైనప్పుడు కూడా డాక్టరు వెంట వెళ్లినవాళ్లు అతని మనవరాలు, ఆమెకు పాఠాలు చెప్పే ఇద్దరు టీచర్లు. కేకలు పెట్టడానికే అయితే టీచర్లు దేనికి?

ఆలిస్ ఉద్యోగం పోవడం కూడా రచయితలు గాల్లోంచి పట్టుకొచ్చింది కాదు. బ్రిటన్‌లో 2010 నుంచి ఆరేళ్లలో 343 లైబ్రరీలు మూతబడ్డాయని, దాదాపు 8,000 ఉద్యోగాలు పోయాయని 2016లో బీబీసీ లెక్కతీసి చెప్పింది. సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చిన బొమ్మల కథ ఇది. ఇక్కడ మనం ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్ కడతాం. అది వసూలైన చోటి నుంచి గ్రంథాలయ సంస్థకు చేరేలోపు ఏళ్లు గడిచిన సందర్భాలు మీ పత్రికలోనే వచ్చాయి. నేను లేచి వచ్చిన కుర్చీలో ఇప్పటికీ ఎవరూ కూర్చోలేదు. అయినా గ్రూప్స్‌కి చదువుకునే పిల్లలు పొద్దున్నే క్యారేజీతో వచ్చి ఫ్యాను కింద చోటు కోసం పోటీ పడుతూనే ఉన్నారు. వాళ్ల గురించి ఒక్క బొమ్మల కథ లేదు.

అందుకే ఒక విన్నపం. మీ పిల్లల పేజీలో చుక్కలు కలపడం, తేడాలు కనిపెట్టడం ఎన్నాళ్లని? చందమామ పాత బైండు వాల్యూములు చిరిగి అట్ట ఊడేదాకా చదివిన ఊళ్లు ఇవి. వారానికో పేజీ తెలుగు సైన్స్ ఫిక్షన్ బొమ్మల కథ మొదలుపెట్టండి. ఆకాశం నుంచి దిగేవాడు ఎవరైనా ఫర్వాలేదు. అతని వెంట వెళ్లే మనిషి మాత్రం పాలకొల్లు బస్టాండులో రిజర్వేషన్ కౌంటర్ అమ్మాయో, మీసేవలో స్కానింగ్ చేసే కుర్రాడో, అంగన్‌వాడీ ఆయానో అవ్వాలి. మొదటి నాలుగు వారాలూ వాళ్లకే ఇవ్వండి. వాళ్ల ఇంటి అద్దె, వాళ్ల అమ్మ మందుల చీటీ, రావాల్సిన జీతం బకాయి అన్నీ చూపించండి. నీలం పెట్టె అయిదో వారం దిగినా తొందరేం లేదు, పాఠకులు ఆగుతారు.

వేస్తే మాత్రం బెలూన్లలో అక్షరాలు కాస్త పెద్దవిగా వేయించండి. ఆ ఇంగ్లిష్ పుస్తకం భూతద్దం పెట్టుకుని చదవాల్సి వచ్చింది.

ఇట్లు,
ఒక విశ్రాంత గ్రంథాలయ ఉద్యోగిని,
పశ్చిమ గోదావరి జిల్లా